సున్నా అంటే పని అయినట్టు

అనంతపురం,
18-6-2004

మీకు హేమ నమస్కారాలు. ఈడ నేనూ అత్తా బాగానే ఉండాము. సోలాపూర్‌లో మీ ఒళ్ళు బాగుంటాదని తలుస్తాను. వాన ఇంకా లేదు. మోడం కమ్ముకుంటాది, గాలికి కొట్టుకపోతాది.

"ఒక తప్పు దిద్దేదానికి మూడు నెలలా?" అని రాసినారు. ఒకటి కాదు. మా కంపెనీ బోరు మోటర్లకు బిగించే కంట్రోలరు పెట్టె లోపల కెర్నెల్ అని ఉంటాది, మిగతా ప్రోగ్రాములన్నీ దానిమీదే నడుస్తాయి. దాంట్లో ఒక్కో పనికి ఒక్కో ముక్క రాసింటారు, దాన్ని ఫంక్షను అంటాము. ప్రతి ఫంక్షనూ పని అయిందో లేదో ఒక అంకెతో తిరిగి చెప్పాల. కొన్ని పని అయితే సున్నా చెప్తాయి. కొన్ని కాకపోతే సున్నా చెప్తాయి. ఎవరు రాసింటే వాళ్ళ పద్ధతి. కదిరి దగ్గర కుళ్ళాయప్ప అనే రైతు బోరులో నీళ్ళు అడుగంటినాయి. నీటిమట్టం చూసే ఫంక్షను, చూడలేకపోయినానని సున్నా ఇచ్చింది. దాన్ని పిలిచిన ప్రోగ్రాము, సున్నా అంటే అంతా సరే అనుకునింది. మోటరు ఉత్తగా తిరిగి తిరిగి కాలిపోయింది.

ఆయప్ప ఆఫీసుకొచ్చి, "ఏమ్మా, నీళ్ళు లేవని చెప్పేదానికే కదా ఈ పెట్టె పెట్టింది?" అన్నాడు. అరిచింటే బాగుండు.

ఆ ఒక్కచోట సరిచేసి పంపిద్దామన్నాడు మా మేనేజరు ప్రణీత్. నేను ఒప్పుకోలేదు. పని అయితే సున్నా, కాకపోతే మైనస్ అంకె, అన్నిటికీ ఇదే అని పట్టుబట్టినా. ఒక్కో ఫంక్షను మార్చాల, దాన్ని పిలిచే చోటల్లా వెతికి మార్చాల. ఒకటి మారిస్తే ఇంకోటి చెడుతుండె. అన్నం తింటాన్నా అదే ధ్యాస. బయటికి కొత్తగా ఏమీ కనపడదు కాబట్టి ఎవరూ మెచ్చుకునే పని కూడా కాదు.

పోయిన వారం కుళ్ళాయప్ప చేన్లో కొత్త మోటరుకు కొత్త పెట్టె నేనే పోయి పెట్టించినా. మోటరు కాసేపు తిరిగి దానంతట అదే ఆగింది. నీళ్ళు లేవని ఎర్రదీపం వెలిగింది. నాకు సంతోషమైంది. ఆయప్ప మాత్రం చానాసేపు ఆ దీపం తట్టు చూసి, "అయితే నిజంగానే లేవు" అన్నాడు.

అసలు సంగతి చెప్తా. ఈ పని అయితే ఉద్యోగం మానుకొని మీ దగ్గరికి వస్తానంటి. పని అయింది. పల్లెల్లో పాత పెట్టెలన్నీ మార్చేదాకా ఉండమని ప్రణీత్ అడిగితే, మిమ్మల్ని అడక్కుండానే సరే అన్నా. పోయిన ఉత్తరంలోనే రాయాలనుకొని రాయలేకపోయినా. బాగా అలిసిపోయినా. అయినా వాటిని అట్లే వదిలి రాలేను. ఆ తర్వాత వస్తానా అంటే, అదీ తెలీదు.

మీకు కోపం వస్తాది. ఫోన్లో వద్దు, అత్త పక్కనే ఉంటాది. 27వ తేదీ ఆదివారం గుంతకల్లు దాకా రండి, నేనూ వస్తా. ప్లాట్‌ఫారం మీద కూచొని, అనాల్సింది నా మొగం చూసి అనండి.

ఇట్లు,
మీ ఇంటిది
హేమ