వేపమండ కట్టిన బొమ్మ

ఉదయగిరి,
ఏప్రిల్, 1951.

తమ్ముడూ,

ఊళ్లో మశూచి ఉంది. నేను టీకా వేయించుకున్నాను, నా గురించి బెంగపడకు.

నువ్వు బొమ్మలు వేసిన పుస్తకం చూపిస్తూ బడిలో పిల్లలకు బొమ్మలు నేర్పుతున్నాను. అందులో వాకిట్లో నిలబడ్డ తల్లి బొమ్మ ఉంది చూడు, మా ప్రతిలో ప్రెస్సు ఎర్రసిరా చింది ఆమె ముఖమంతా చుక్కలు పడ్డాయని రాశాను గదా. పోయిన వారం ఆ బొమ్మనే పలకల మీద వేయమన్నాను. చెంచులక్ష్మి అనే ఏడేళ్ల పిల్ల ఆ ఇంటి గుమ్మానికి వేపమండలు కూడా వేసింది.

"పుస్తకంలో లేనివి ఎందుకు వేసినావే?" అన్నాను.

"ఆయమ్మకు అమ్మవారు పోసింది గదా పంతులమ్మా! మాయమ్మకూ అట్నే ఉండాది. తగ్గినాక తలకు నీళ్లు పోస్తారంట. అప్పుడు నన్ను ఇంటికి తీసుకపోతారంట."

ఇప్పుడా పిల్ల వాళ్ల అవ్వ అలివేలమ్మ దగ్గర ఉంటోంది. రోజూ బడికి రాగానే పుస్తకం తెరిచి, ఆ ముఖం మీద చుక్కలు తగ్గాయేమో చూస్తుంది. తగ్గలేదని పుస్తకం మూసి, బుద్ధిగా పలక తీస్తుంది.

ఆ పిల్ల తల్లి సోమవారం పోయింది. "బిడ్డకు ఇప్పుడే చెప్పబాకమ్మా" అని అలివేలమ్మ నా చేతులు పట్టుకుంది.

చుక్కలు లేని మంచి ప్రతి పంపుతానని రాశావు. వద్దు, పంపకు. ఆ ముఖం తేటగా కనిపించిందంటే ఈ పిల్ల ఎవరికీ చెప్పకుండా ఇంటికి పరుగెత్తుతుంది. ఆ ఇంటికి తాళం వేశారు. గుమ్మానికి కట్టిన వేపమండలు మాత్రం ఇంకా ఎవరూ తీయలేదు.

మీ అక్క