సగం మెరిసే కారు

ఏవండీ,

కూర వేడి చేసుకుని తినండి. ఆరేసిన బట్టలు తీసి లోపల వేయండి. కారు ఒకవైపే మెరుస్తోందేంటని కంగారుపడకండి. మధ్యాహ్నం నిద్ర పట్టక, నా వైపు వరకు వ్యాక్స్ రాసి తుడిచాను. మీ వైపు ముట్టుకోలేదు.

మొన్న ఆదివారం మీరు కారుని వాషింగ్ సెంటర్ మెషీన్‌లో కడిగించుకొచ్చి, "పది నిమిషాల్లో పనైపోయింది, చూశావా!" అని మురిసిపోయారు. నాకు ఒళ్లు మండింది. ఆ బ్రష్షులు బానెట్ నిండా సన్నటి గీతలు పెట్టాయి, అది వేరే సంగతి. మీది పగటి డ్యూటీ, నాది రాత్రి డ్యూటీ. మనిద్దరం కలిసి కూర్చునేది ఆదివారం కారు కడిగి, చెరోవైపు వ్యాక్స్ రాశాక, అది ఆరేదాకా, మెట్ల మీద. వారమంతా దాచుకున్న కబుర్లు చెప్పుకునేది అప్పుడే కదండీ! మొన్న మీరు మిగిలిన టైమంతా హాయిగా పడుకున్నారు. నేను మెట్ల మీద ఒక్కదాన్నే కాసేపు కూర్చుని, లేచి వచ్చేశాను.

బస్సు టైమైంది, వెళ్తున్నాను.

అన్నట్టు, మీ వైపు మీరొక్కరే రాసేద్దామని వ్యాక్స్ డబ్బా కోసం ఇల్లంతా వెతక్కండి. అది నా హ్యాండ్‌బ్యాగులో ఉంది. ఆదివారమే బయటికి తీస్తాను.