రాఘవులును ఆ ఓడ ఎక్కించను

విశాఖపట్నం,
శుక్రవారం.

చిరంజీవి నర్సయ్యకు అమ్మ దీవించి రాస్తున్నది.

నేను, నీ తమ్ముడు రంగయ్య ఇక్కడ కులాసా. సూర్యాపేటలో మీరంతా ఎట్లా ఉన్నారు? కోడలికి దగ్గు తగ్గిందా? పంపిన కందిపప్పు ముట్టింది. సోలెడు తక్కువ వచ్చింది. ఈసారి సంచి మూతి నువ్వే కుట్టు. ఇక్కడి ఉప్పు గాలికి ఒళ్లంతా జిడ్డు. పలకరించే మనిషి లేదు. అయినా బాగానే ఉన్నాను, బెంగపడకు.

సరుకుల ఓడలో రంగయ్య కుదిర్చిన పనికి నీ కొడుకు రాఘవులును పంపి, నేను చూసి సరే అంటేనే ఎక్కించమన్నావు. చూశాను. పిల్లనిచ్చే ముందు ఇల్లు చూసినట్టు వంటగది, నీళ్లు, పడక అన్నీ చూశాను.

ఒకరి గడప తొక్కుతున్నామని పైకి ఎక్కగానే చెప్పులు విడిచాను. అరికాళ్లు చుర్రుమన్నాయి. ఓడ వంటవాడు పరుగెత్తుకొచ్చాడు. మన పెన్‌పహాడ్‌లో గొర్రెలు కాసే ఇంటివాడే.

"అవ్వా, చెప్పులు తొడుక్కో! గిది ఇల్లు గాదు, పొయ్యి మీది పెంక!"

పప్పు గిన్నె మూత తీస్తే బొద్దింక. తాగే నీళ్లు తుప్పు రంగు. సరుకు నింపే గదిలోకి తొంగి చూసి, ఆ కంపుకు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకున్నాను.

"ఏం మోసిందిరా ఇది?" అని వంటవాణ్ణి అడిగాను.

"లడాయిల తుపాకిమందు. లడాయి ఖతమైనంక కంచరగాడిదలు. మొన్నటిదాక ఎముకలు. గిప్పుడు బియ్యం."

"కడిగిన్రా?"

"సముద్రం నీళ్లు కొట్టిన్రవ్వా."

ఆ బియ్యమే ఇక్కడ రేషనులో ఇస్తారు. ఆ పూట నాకు ముద్ద దిగలేదు.

పైన ఇనుప నేలకు అడ్డంగా బారెడు అతుకు ఉంది. యుద్ధంలో మునిగేలోపు ఒక్కసారి సరుకు చేరిస్తే చాలని హడావిడిగా కట్టిన ఓడట. చలి సముద్రంలో పగిలితే మళ్లీ అతికారట. యుద్ధం ముగిసినా దాన్ని వదల్లేదు. ఛీ, ముసలి గొడ్డును కూడా ఎవరూ ఇట్లా వాడుకోరు.

వెంట ఉన్న రాఘవులు నవ్వాడు. "నాయినమ్మా, మనింటి గోడకు పగులు లేదా?"

"గోడ పడితె పెరట్ల పడతది. ఇది పగిలితె నువ్వు ఏడ పడతవురా?"

తన కొడుకునైతే ఇందులో చేరుస్తాడా అని వంటవాణ్ణి అడిగాను. గరిటె తిప్పుతూ, తల ఎత్తకుండా అన్నాడు: "వాడు గొర్లకాడ మంచిగున్నడవ్వా."

నాకు ఆ మాట చాలు.

ఓడ ఆదివారం పోతుంది. ఇచ్చిన మాట పోతుందని రంగయ్య ముఖం ముడుచుకున్నాడు. రాఘవులు నాతో మాట్లాడటం లేదు, అన్నం ముట్టడం లేదు. ఆకలైతే తింటాడు. నా మంచం వాకిలికి అడ్డంగా వేసుకున్నాను. ఆదివారం దాటాక రైలెక్కిస్తాను. స్టేషనుకు నువ్వే వచ్చి దింపుకో.

ఓడలో యంత్రాన్ని చూసినప్పుడు వాడి ముఖం వెలగడం నేను చూడకపోలేదు. మిర్యాలగూడెం బియ్యం మిల్లులో వాడికి పని అడుగు. ఇంజనే కావాలంటే నేల మీద నిలబడి తిప్పుకోనీ.

పెద్దలకు నా దండాలు, పిల్లలకు దీవెనలు. జాబు వెంటనే రాయి.

నీ మేలు కోరే
అమ్మ