మామయ్య గొర్రెల పరువు

మామయ్యకు నమస్కారాలు.

గొర్రెల పేగుల్లో పెరిగే నట్ట పురుగులకు కొత్త మందు చేయాలంటే, అది నట్ట ఒంట్లో ఎక్కడ దెబ్బ కొట్టాలో ముందు తెలియాలి. మా ల్యాబులో ఏళ్ల తరబడి వెతుకుతున్నది ఆ చోటే. పాత మందులకు చావని మొండి నట్టలు దొరికితే గాని తేలదు. నెలాఖరుకు తేలకపోతే ల్యాబు మూసేస్తారట. పాత మందు పట్టించాక నీ గొర్రెలు వేసిన పెంటికలు ఓ డబ్బాడు బస్సులో పంపు. వాటిలో నట్టల గుడ్లుంటే పొదిగించుకుంటాను.

ఇట్లు,
నీ మేనకోడలు

తా.క.: డబ్బా మీద ఏముందో రాయి. పోయినసారి వేరే ఊరి నుంచి వచ్చినవాటిని మా గుమాస్తా మిరియాలనుకున్నాడు.

---

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నా గొర్రెలకు నట్టలా? ఎంత మాటన్నావే! అయినా నోరు తెరిచి అడిగావు కాబట్టి, నిగనిగలాడేవి ఏరి పంపుతున్నాను. ఎవరికి చూపించినా నీకు తలవంపులుండవు.

ఇట్లు,
మామయ్య

తా.క.: డబ్బా మీద ‘ఔషధం’ అని రాశాను. కండక్టరు తన మోకాళ్లకూ కాస్త పెట్టమన్నాడు.

---

మామయ్యకు,

ఒక్క గుడ్డూ లేదు. మైక్రోస్కోపులో చూసి చూసి కళ్లు పీక్కుపోయాయి. నాకు కావలసింది జబ్బు, మామయ్యా, నిగనిగ కాదు.

నీ మేనకోడలు

తా.క.: మా పెద్దసారు నీ గొర్రెల ఆరోగ్యాన్ని మెచ్చుకున్నారు. మొహం మాత్రం మాడ్చుకుని.

---

అమ్మాయికి ఆశీస్సులు.

సారు మెచ్చుకున్న ముక్క ఊరందరికీ చదివి వినిపించాను. ఇంకో రెండు డబ్బాలు పంపుతున్నాను.

మామయ్య

తా.క.: రంగు కాగితం చుట్టింది సారుకి.

---

మామయ్యకు,

ఇవీ ఖాళీయే. సామాను సర్దేస్తున్నాం. ఇక పంపకు. నీ తప్పేం లేదు, నాకే ఓపిక అయిపోయింది. నీ గొర్రెలైనా చల్లగా ఉన్నాయి, అంతే చాలు.

నీ మేనకోడలు

తా.క.: సారు రంగు కాగితం డబ్బా ఇంటికి తీసుకెళ్లి, వాళ్లావిడ ముందు విప్పారు.

---

అమ్మాయీ,

నీ ఉత్తరం చదివాక అన్నం దిగలేదు. ఇన్నాళ్లూ పంపినవి నా గొర్రెలవి కావే. పక్కింటాయనవి. నావాటికి ఏ మందు పట్టించినా నట్టలు చావడం లేదు. ఒక్కొక్కటే కూలబడిపోతున్నాయి. ఇలాంటివి పంపితే సారు ముందు నీ పరువు పోతుందనుకున్నాను. ఈ డబ్బా మాత్రం నాదే. సిగ్గుగా ఉంది, ఎవరూ లేనప్పుడు విప్పు.

మామయ్య

తా.క.: మీ కొత్త మందు ఎప్పటికొస్తుంది? నల్లచెవుల గొర్రె పొద్దుటినుంచీ లేవలేదు. కాస్త త్వరగా చూడమ్మా.