గుర్రం కట్టేశావా?

శుక్రవారం, పొద్దున్న

ప్రియమైన చెల్లి ఫిదేలియాకి,

ముందుగా నా రాత చూసి విసుక్కోకు. వేళ్లు వంకర్లు పోయాయి, అక్షరాలు కోడి కెలికినట్టు వస్తున్నాయి. తప్పులు కూడా ఉంటాయి. సన్యాసినుల బడిలో నువ్వు ఆరేళ్లు చదివావు, నేను మూడేళ్లే కూర్చున్నాను. తెలియని చోట ఊహించి చదువుకో.

ప్రతి సెప్టెంబరులో ప్యూబ్లో నుంచి నీ కార్డు వస్తుంది. అందులో ఒకటే మాట ఉంటుంది, "కొట్టం కప్పు మీద రంగు వేశావా?" అని. నేనూ ఒకటే మాట రాస్తాను, "వేశాను" అని. ముప్పై ఆరేళ్లుగా మన ఇద్దరి మధ్యా ఇంతే. ఈ ఏడు కూడా అలాగే రాశాను. అది అబద్ధం, చెల్లీ. మోకాళ్లు నిచ్చెన ఎక్కనివ్వలేదు. నీ పెనిమిటి లియాండ్రో పోయిన వారానికి నువ్వే పైకెక్కి రేకుల మీద గీసిన ఆ ఎర్రటి అడ్డగుర్తు వెలిసి తుప్పులో కలిసిపోయింది. ఇక్కడ దిగొద్దు అని బెలూన్లలో వచ్చే పైవాళ్లకి చెప్పేది ఇప్పుడేమీ లేదు.

బెలూన్ల పండగ ఆదివారంతో అయిపోతుంది. రోజూ పొద్దున్నే నది మీదుగా వందల కొద్దీ వస్తున్నాయి. పిల్లి మొహంవి, సీసా ఆకారంవి, చారలవి. అవి రాకముందే వాడంతా కుక్కలు మొరుగుతాయి, నీకు తెలుసుగా. తరవాత బెలూన్లో గాలి వేడెక్కించే ఆ మంట ఎద్దు బుసకొట్టినట్టు వినపడుతుంది. నిన్న ఒకటి బడి వెనక దిగింది, ఇంకోటి ప్రార్థన మందిరం ముందు రోడ్డు మీదే దిగింది. జనం పరుగులు. నేను ఎప్పట్లాగే గుమ్మంలో కుర్చీ వేసుకుని చూస్తున్నాను.

కాలవ అవతలి ప్రుదెన్సియో మిరపకాయలు కాలుస్తూ అక్కడినుంచే అరిచాడు. "ఏం ఒనోఫ్రే, మెడ పట్టేసిందా? నీ పొలంలో కూడా దిగుతారులే. దిగితే పొలం వాళ్లకి సారా సీసా ఇస్తారు కదా. నాకో గుక్క ఉంచు!"

నువ్వు ముందు నీ గుడ్డి కంచరగాడిదని నా గడ్డిలోంచి తోలుకుపో అందామనుకున్నాను. అనలేదు. నా సంగతి తెలిసిందే.

ఇప్పుడు అసలు విషయం. బుధవారం నుంచి ఒక బెలూను వస్తోంది. మిగతావన్నీ వెళ్లిపోయాక, ఎండ దొడ్డి కంచె దాకా వచ్చాక. రంగు లేదు, ఉతికి ఉతికి పాతబడిన దుప్పటిలా ఉంది. అన్నీ దక్షిణానికి పోతుంటే ఇది ఉత్తరానికి వస్తుంది. పైగాలి ఒకవైపు, కిందిగాలి ఒకవైపు వీస్తాయి కాబట్టి అందులో వింత లేదనుకో. కానీ ఇది పై గాలిలో లేదు, చెట్ల కొసలకి పైన ఇంతే ఎత్తులో వస్తుంది. మంట చప్పుడు లేదు. కుక్కలు మొరగవు. ప్రుదెన్సియో కుక్క అయితే బండి కింద దూరి పడుకుంటుంది. అది మన పాత గుర్రాల దొడ్డి మీదికి వచ్చి ఆగుతుంది. గాలిలో బెలూను ఆగడం నేను ఎప్పుడూ చూడలేదు.

ఆగాక పైనుంచి మాట వస్తుంది. పైవాళ్ల మాట పక్కన కూర్చుని చెప్పినట్టు వినపడుతుందని మనకి అలవాటే. కానీ ఇది పెదాల మధ్య ఏదో పట్టుకుని మాట్లాడినట్టుంది.

"గుర్రం కట్టేశావా?"

మన దొడ్డిలో గుర్రమే లేదు. కనేలా పోయాక మళ్లీ గుర్రాన్ని కొనలేదు. ఇంకొకటి కూడా చెప్పాలి. ఆ మాట నాకు ఎడమ చెవిలో వినపడింది. చిన్నప్పుడు జ్వరంలో పోయిన చెవి అది. అమ్మ చచ్చిపోతూ పిలిచిన పిలుపు కూడా ఆ చెవికి అందలేదు.

మూడు రోజులుగా నేను జవాబు చెప్పలేదు. చెప్పమంటావా?

నీ అన్న,
ఒనోఫ్రే


ఆదివారం, సాయంత్రం

ప్రియమైన ఫిదేలియాకి,

శుక్రవారం రాసిన ఉత్తరం నీకు ఇంకా అంది ఉండదు. ఇది కూడా దాని వెనకే వస్తుంది. మొదట అది చదివి తరవాత ఇది చదువు. కూర్చుని చదువు.

మొన్న రాసినప్పుడు ఒక ముక్క దాచాను. పైనుంచి వచ్చిన మాట "గుర్రం కట్టేశావా" ఒక్కటే కాదు. "బావా, గుర్రం కట్టేశావా?" నన్ను బావా అని పిలిచినవాడు భూమ్మీద ఒక్కడే ఉండేవాడు. లాడం కొట్టేటప్పుడు మేకులు పెదాల మధ్య పట్టుకుని, మాట నమిలినట్టు మాట్లాడేవాడు.

నిన్న ఆ బెలూను ఇంకా కిందికి దిగింది. బుట్ట అడుగు దొడ్డిలో పిచ్చిమొక్కలకి తగిలింది. లోపల ఒక మనిషి ఉన్నాడు. అటు తిరిగి ఉన్నాడు. లాడం కొట్టేవాళ్లు ముందు కట్టుకునే తోలుగుడ్డ ముడి వీపు మీద కనిపించింది, ఆ ముడి ఎడమ పక్కకి వేసి ఉంది. ఎడమ పక్కకి ఎవరు వేసేవారో నీకు చెప్పక్కర్లేదు. నేను గుమ్మంలోంచి కదల్లేదు. కుర్చీ చేతులు పట్టుకుని కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి లేదు.

ఇక చెప్పేస్తాను. ముప్పై ఆరేళ్ల కిందట ఆ రోజు పొద్దున్న నేను పొలం మధ్యలో ఉన్నాను. చారల బెలూను మన మీదికి వచ్చింది. బుట్టలోంచి ఒకతను వంగి, "పెద్దమనిషీ, గొడ్లేమైనా ఉన్నాయా? దిగొచ్చా?" అని అడిగాడు. నాకు తెలుసు, కొట్టం వెనక లియాండ్రో కనేలాకి లాడం కొడుతున్నాడని. సుత్తి చప్పుడు అంతకుముందే విన్నాను. ఆగండి, గుర్రం ఉంది అని అరవాలి. రెండు మాటలు. నేను అరవలేదు. టోపీ తీసి పైకెత్తాను. టోపీ ఎత్తితే ఏమిటో ఇక్కడ పసిపిల్లకి కూడా తెలుసు. రండి, దిగండి అని.

ఎందుకు ఎత్తానంటే, చెల్లీ, సిగ్గు విడిచి చెబుతున్నాను. నన్ను ఎవరూ ఏదీ అడిగేవారు కాదు. కాలవ నీళ్ల వంతు అడగలేదు, పెళ్లి చేసుకుంటావా అని అడగలేదు. నాన్న పొలం పంచేటప్పుడు కూడా నీ వైపే చూశాడు. అలాంటిది ఆకాశంలోంచి ఒకడు వంగి, నన్ను, పెద్దమనిషీ, దిగొచ్చా అని అడిగాడు. వాళ్లు మన పొలంలో దిగాలని, నవ్వుతూ నా చేతిలో సీసా పెట్టాలని, వాడంతా చూడాలని ఉండింది. అంతే. అంతకంటే కారణం లేదు. మంట బుస్సుమంది. కనేలా బెదిరి లియాండ్రోని వెనక కాళ్లతో తన్నింది. తరవాత సంగతి నీకే ఎక్కువ తెలుసు.

అందరూ బెలూను వాళ్లని తిట్టారు. నువ్వూ తిట్టావు. నేను కూడా తలూపాను. ఆ చారల బెలూను అతను సమాధి దగ్గర ఏడుస్తుంటే కూడా నేను టోపీ సంగతి చెప్పలేదు. ప్రతి ఏడూ కప్పెక్కి ఎర్ర రంగు వేసినప్పుడల్లా, ఈ గుర్తు వేయాల్సింది రేకుల మీద కాదు, నా నొసటి మీద అనుకునేవాణ్ణి.

ఈ పొద్దున్న ఏమైందో కూడా విను. అది మళ్లీ వచ్చింది. కుక్కలు నోరు మూసుకున్నాయి. నేను లేచి పొలంలోకి నడిచాను, ఆ రోజు నిలబడిన చోటికే. నీడ నా మీద పడింది. చల్లగా ఉంది, నేలమాళిగలోకి దిగినట్టు. ఎడమ చెవిలో మాట వచ్చింది. "బావా, గుర్రం కట్టేశావా?"

అరిచాను. డెబ్బై తొమ్మిదేళ్లలో నేను అంత గట్టిగా అరవలేదు. "కట్టలేదు! గుర్రం ఉంది! దిగొద్దు, ఆగండి!"

టోపీ కళ్ల మీదికి జారింది. సర్దుకుని చూసేసరికి ఆ బెలూను లేదు. దాని వెనక, కొట్టం కప్పు మీదుగా, పసుపు బెలూను ఒకటి మంట ఆపేసి చప్పుడు లేకుండా దిగిపోతోంది. నా కేక విని బుట్టలోవాళ్లు గబుక్కున మంట తెరిచారు. రేకులకి జానెడు ఎత్తులో పైకి లేచింది. కొట్టం వెనక నుంచి ఒక గావుకేక, తరవాత దభీమని నీళ్ల చప్పుడు.

ప్రుదెన్సియో. గుడ్డి కంచరగాడిదని తోలుకుపోదామని అటునుంచి వచ్చాడట. సరిగ్గా పాత దొడ్డిలో, దాని వెనక కాళ్ల దగ్గర వంగి తాడు విప్పుతున్నాడట. మంట పైన ఎత్తులోనే బుస్సుమంది కాబట్టి కంచరగాడిద తన్నకుండా ముందుకి ఉరికింది, వీణ్ణి ఈడ్చుకుపోయి కాలవలో పడేసింది. నడుం దాకా బురద. బయటికి వచ్చి నా మీద పడ్డాడు.

"ముప్పై ఏళ్లుగా పక్కనే ఉంటున్నాను, నీకు గొంతుందని ఇవాళే తెలిసింది! అది కూడా నన్ను కాలవలో ముంచడానికా, ముసలోడా?" అని. తరవాత కొట్టం వైపు చూశాడు, పైకి చూశాడు. టోపీలో నీళ్లు పారబోసుకుని నా పక్కన కూర్చున్నాడు.

పసుపు బెలూను కాలవ గట్టు మీది రోడ్డున దిగింది. నడిపిన అమ్మాయి కంచె దగ్గర ఆగి, లోపలికి రావచ్చా అని అడిగి వచ్చింది. "కొట్టం వెనక మనిషి మాకు కనపడలేదు పెద్దాయనా. కప్పు మీద గుర్తూ లేదు. మీరు అరవకపోతే బుట్ట సరిగ్గా ఆయన మీదే దిగేది" అంది.

మీ ముందు ఇంకో బెలూను ఉంది కదా, దుప్పటి రంగుది, అన్నాను.

"మా ముందు ఎవరూ లేరు. ఇవాళ గాలంతా దక్షిణానికే. ఇటు వచ్చింది మేమొక్కళ్లమే, అది కూడా దారి తప్పి." నా చేతిలో సీసా పెట్టింది.

ఆ సీసా ఇప్పుడు బల్ల మీద ఉంది. దాని వంక చూడలేక గుడ్డ కప్పాను. నిజం నీకు తెలిసింది. నువ్వు ఇక సెప్టెంబరులో కార్డు రాయకపోయినా తప్పు పట్టను. కానీ నాకు ప్రపంచంలో వచ్చే ఉత్తరం అదొక్కటే అని మాత్రం తెలుసుకో.

నీ అన్న అని రాసే హక్కు ఉందో లేదో తెలియక,
ఒనోఫ్రే


నవంబరు అయిదు

నా చెల్లి ఫిదేలియాకి,

నీ ఉత్తరం అందింది. నాలుగు పేజీలు. పోస్టుమాన్ కూడా కవరు చేత్తో తూచి చూశాడు. నేను నెమ్మదిగా చదువుతానని తెలుసుగా. రెండు రోజులు పట్టింది. ఒక చోట అయితే వేలు పెట్టి పదిసార్లు చదివాను. నేను సరిగ్గానే చదివానో లేదో నువ్వే చూడు, ఆ చోటుని ఇక్కడ మళ్లీ రాస్తున్నాను.

"అన్నయ్యా, నీ టోపీకి అంత బలం లేదు. నేను వంటింటి కిటికీ దగ్గర మొక్కజొన్న పులుసు కలుపుతున్నాను. అతను అడగడం విన్నాను. నువ్వు టోపీ ఎత్తడం చూశాను. నువ్వు ఎత్తాక కూడా వాళ్లు దిగలేదు, చూస్తూనే ఉన్నారు. అప్పుడు కొట్టం వెనక నుంచి ఆయన మేకులు అరచేతిలోకి ఉమ్మి అరిచాడు. 'దిగమను బావా! గుర్రం నా చేతిలో ఉంది, నేను చూసుకుంటాను!' ఆ కేక విన్నాకే వాళ్లు దిగారు. ఆయన నీ ఎడమ వైపున ఉన్నాడు. నీకు వినపడలేదు. వినపడలేదని నాకు ఆ రోజే తెలుసు.

"పదకొండేళ్లు ఆయనతో కాపురం చేశాను. ఆఖరి మాట నాకు చెప్పలేదు, నీకు చెప్పాడు. అది నీకు ఇవ్వబుద్ధి కాలేదు. నా దగ్గరే అట్టే పెట్టుకున్నాను. ఆయన తెలివితక్కువతనం వల్ల పోయాడని ఊళ్లో అనుకోవడం కూడా ఇష్టం లేకపోయింది. అందుకే ఎర్ర గుర్తు గీసి నేరమంతా బెలూను మీదికి నెట్టాను. రంగు వేశావా అని ఏటేటా అడిగింది రంగు గురించి కాదు. నువ్వేమైనా విన్నావా అని అడిగే ధైర్యం లేక."

చెల్లీ, నాకు కోపం వస్తుందేమోనని చూశాను. రాలేదు. ఆ మాట నాకు ముప్పై ఆరేళ్లు ఆలస్యంగా అందింది, కానీ అందింది. ఒకటే అనుకున్నాను. వాడు చెప్పింది నేను వినలేదని వాడికి తెలిసి ఉంటుంది. అందుకే చెవిటి చెవిలోకి వచ్చి అడిగాడు.

ప్రుదెన్సియోని కప్పెక్కించి తుప్పులో మిగిలిన ఆ గుర్తు జాడని కూడా గీకించేశాను. "ఎక్కేది నేను, పెత్తనం నీది" అని పై నుంచి గంటసేపు తిట్టాడు. సీసా ఇంకా తెరవలేదు. గుడ్డ మాత్రం తీసేశాను.

నిన్న జరిగింది రాసి ఆపేస్తాను. పండగ అయి మూడు వారాలయింది. ఆకాశంలో పక్షి కూడా లేదు. కాలవలో నీళ్లు కట్టేశారు. పొద్దున్న కాఫీ తాగుతుంటే కుక్కలు ఒక్కసారిగా ఆగిపోయాయి. నేను భయపడలేదని చెప్పను. దొడ్డి దగ్గరికి వెళ్లాను. పైన ఏమీ లేదు, వట్టి నీలం. ఈసారి ఎవరూ ఏమీ అడగలేదు. నేనే టోపీ తీసి పైకెత్తాను. "కట్టేశాను లియాండ్రో. దిగు" అన్నాను.

గాలి లేదు. నా చుట్టూ గడ్డిపోచ కదల్లేదు. కానీ నా ఎదురుగా, దొడ్డి మధ్యలో, ఒక బుట్ట పట్టేంత మేర ఎండుగడ్డి మెల్లగా నేలకి వంగింది. వంగి అలాగే ఉండిపోయింది. ఈ పొద్దున్న వెళ్లి చూశాను, ఇంకా లేవలేదు. మంచు చుట్టూ పట్టింది, అక్కడ మాత్రం పట్టలేదు.

నువ్వు వచ్చి చూడాలి. నా కోసం కాదు. నేను వాడి మాట విన్నాను, ఇప్పుడు వాడు ఎవరి కోసం ఆగాడో నాకు తెలుసు. సీసాకి మూడు గ్లాసులు కడిగి పెట్టాను. కుక్కలు ఇంకా మొరగడం లేదు, ఎక్కువ రోజులు ఆలస్యం చేయకు. ఏ రోజు బస్సుకి వస్తావో వెంటనే రాయి. ఈసారి రంగు సంగతి అడగకు.

నీ అన్న,
ఒనోఫ్రే