ఎండిన వేపమానులో పసుపు నెత్తి పిట్ట

ఎల్‌బీ నగర్ నుంచి

అన్నకు నమస్కారాలు. నువ్వు, వదిన, పిల్లలు కులాసాగా ఉన్నారని తలుస్తాను. నేను బాగానే ఉన్నాను, బెంగ పెట్టుకోకండి. కట్టెకోత మిషన్ హోరుకు పోయిన నీ చెవులకు ఫోన్లో నా మాట అందదు కనుక ఇదంతా రాస్తున్నాను.

ఇక్కడ తెలంగాణ కోసం బంద్ మీద బంద్. మా ఫర్నిచర్ షాపు తెరిచిన రోజులకన్నా మూసిన రోజులే ఎక్కువ. ఎండలు ముదిరాయి. వండుకు తింటున్నాను. వదిన ఇచ్చిన చింతకాయ తొక్కు అడుగంటింది, ఎవరైనా వస్తుంటే పంపించు.

షాపు వెనక రోజంతా టుక్ టుక్ అంటున్నది వడ్రంగి పిట్ట అని పోయినసారి రాశాను కదా. తప్పు. రావి చెట్టు కింద నిలబడి చూస్తే ఎర్ర నుదురు, ఆకుపచ్చ ఒళ్లు. కంసాలి పిట్ట! చప్పుడంతా గొంతులోంచే, ముక్కు మానుకు తగలనే లేదు. చప్పుడు విని పిట్ట పేరు చెప్పేవాడివి నువ్వు. నీ తమ్ముడు మాత్రం ఇలా తయారయ్యాడు.

అసలు వడ్రంగి పిట్ట వనస్థలిపురంలో కనపడింది. గుంటూరు వైపు సారు ఒకాయన ఇంటి వెనక ఎండిన వేపమాను కొట్టి దర్వాజా చేయమని పిలిచాడు. మన దగ్గరి బంగారు వీపుది కాదు, అంతకన్నా చిన్నది. వీపంతా నలుపు తెలుపు చుక్కలు, నెత్తి పసుపు, వెనక ఎర్ర మచ్చ. పై కొమ్మలో తొర్ర, లోపల పిల్లల అరుపులు.

మాను తట్టి చూశాను. మంచి చేవ ఉన్న చెక్క. పని లేక పది రోజులైంది. అయినా "లోపలంత గుల్ల సార్, దర్వాజకు పనికిరాదు" అనేశాను. చెక్క గురించి అబద్ధమాడొద్దని నువ్వు ఎన్నిసార్లు చెప్పావో!

"పోన్లెండి, ఉండనివ్వండి. పొద్దున్నే ఆ పిట్ట కొడుతుంటే మా ఊళ్లో ఉన్నట్టే ఉంటుంది" అన్నాడాయన.

నాకు తల కొట్టేసినట్టయింది. "చెక్క గట్టిదే సార్. పిట్ట పిల్లలున్నయని గట్ల చెప్పిన."

"ఆ మాటే ముందు చెప్పొచ్చు కదండీ? అవి ఎగిరిపోయాకే కొడుదురు గాని."

ఈ రోజుల్లో ఆంధ్రా సారు నా మాట వింటాడా అనుకున్నాను. అడిగి చూడనే లేదు. సిగ్గేసింది అన్నా.

వచ్చేముందు మాను మీద అరచెయ్యి ఆనించాను. పైన పిట్ట కొడుతుంటే ఆ దెబ్బ చేతిలోకి దిగింది. తువ్వాలు చెవులకు గట్టిగా చుట్టుకుని మళ్లీ ఆనించాను. అప్పుడూ తెలిసింది.

వదినకు, పెద్దలందరికీ నా దండాలు, పిల్లలకు ముద్దులు. నీ దీవెన నా మీద ఉండనీ. చెవులు దవాఖానలో చూపిద్దాం, ఆ పిల్లలు ఎగరకముందే రా. బస్సు దిగగానే ముందు నీ చెయ్యి ఆ మాను మీద పెట్టిస్తాను.

నీ తమ్ముడు
సత్తయ్య