ఆఖరి రెండు నిమిషాలు

అక్టోబరు 26, ఆదివారం

వానలు ఆగాయి. ప్రతి ఏడూ ఈ వారమే బడి వెనక కబడ్డీ కోర్టు తవ్వేది. ఎర్రమట్టి జల్లెడ పట్టడం, పెంకులు, గులకరాళ్ళు ఏరడం మా ఆడవాళ్ళ పని. ముప్పై ఏళ్ళు ఏరాను. ఏరినా ఒక్కటి మిగిలేది, ఎవడి మోకాలో చిట్లేది.

ఈసారి ఏరేది లేదు. క్లబ్బు సూరారం దగ్గర కొత్త హాలుకు మారింది. నేలంతా మ్యాట్లు. మోకాళ్ళకు మంచిదే.

తమ్ముడు నర్సింలు జల్లెడ కడిగి గోడకు ఆనించాడు. కడగమని ఎవరూ చెప్పలేదు.

అక్టోబరు 28, మంగళవారం

గౌడవెల్లి నుంచి చెల్లె సుజాత ఫోను. వాళ్ళాయన యాదగిరినే మళ్ళీ కోచ్‌గా ఉంచారు. "కొత్త ప్రెసిడెంటు మస్తు మర్యాద ఇస్తుండక్కా. బూట్లు, ఈల, అన్నీ కొత్తయే. గీయన అద్దం ముంగట నిలబడి ఈల ఊదుకుంటుండు." చెల్లె అంతగా నవ్వి చాలా రోజులైంది. స్వామికి దండం పెట్టుకున్నాను.

ఫోను పెట్టేసే ముందు మెల్లగా ఇంకో మాట. ఊరి పిల్లలు నలుగురిని జట్టులోంచి తీసేశారు. బయటి నుంచి నలుగురు వస్తున్నారు.

"శ్రీశైలం?"

"వాడు గూడ లేడక్కా."

శ్రీశైలం నా అంగన్‌వాడీ పిల్లవాడే. మూడేళ్ళప్పుడు కూడా చాప మీద కుదురుగా కూర్చోలేదు.

అక్టోబరు 30, గురువారం

నర్సింలు అన్నం ముందు కూర్చుని — "బావ ఒక్క మాట గూడ అడగలేదా?"

అడిగి ఉంటాడు అన్నాను.

"అడిగితే నలుగురు ఎట్ల పోతరు?"

పెరుగు వేశాను.

నవంబరు 2, ఆదివారం

మొదటి ఆట. డీసీఎం వ్యానులో పద్దెనిమిది మందిమి. పాత కోర్టులో గీతకు మూరెడు దూరంలో కూర్చునేవాళ్ళం, దుమ్ము మా మీదే పడేది. ఇక్కడ తాడు కట్టారు. ముందు వరుసలో కుర్చీలు, వాటికి తెల్ల గుడ్డలు. మాకు పైన మెట్ల మీద చోటు.

మా రంగు ఆకుపచ్చ. ఇప్పుడు నారింజ చేశారు. వీపు మీద ప్రెసిడెంటు ప్లాట్ల వ్యాపారం పేరు. ఎదుటి జట్టు ఆకుపచ్చ వేసుకొచ్చింది. ఆ పచ్చ జట్టు మొదటి పాయింటుకు నర్సింలు లేచి, పేగులు బయటికొచ్చేట్టు ఒర్రాడు. రెండోసారీ అంతే. కింద యాదగిరి తల తిప్పి చూశాడు. హాలంతా నవ్వింది.

"ఏం జేయాలె అక్కా, నోరు దానంతట అదే పచ్చ దిక్కు పోతాంది."

ఆఖరి రెండు నిమిషాలు ఎప్పటిలాగే కళ్ళు మూసుకుని నరసింహస్వామిని తలచుకున్నాను. మా వరుసలోంచి ఎవరో — "అక్క కండ్లు మూసింది, ఇగ ఢోకా లేదు." గెలిచాం. సుజాత నా చేయి తట్టింది, అయిపోయిందని.

ఎప్పుడో ఒక ఫైనల్లో భయమేసి మూసుకున్న కళ్ళు. ఆ రోజు గెలవడంతో, తర్వాత ఎప్పుడూ తెరవనివ్వలేదు నన్ను. ముప్పై ఏళ్ళుగా ఏ ఆట చివరా నేను చూడలేదు.

నవంబరు 3, కార్తీక సోమవారం

దీపాలు పెట్టాను. నిన్న ఏమని మొక్కానో గుర్తు చేసుకున్నాను. పెదాలు కదిలాయి, అంతే.

నవంబరు 9, ఆదివారం

తొమ్మిది మందిమి. డీసీఎం అక్కర్లేదు, రెండు ఆటోలు చాలాయి.

మెట్ల మీద పక్కన ఒకావిడ, కొత్త కాలనీ నుంచి, కాకినాడ వైపు మనిషి. పద్మ అని చెప్పింది. బుట్టలో జంతికలు. మంచి మనిషి. ఆట మొదలవగానే — "ఏవండీ, మనది ఏ రంగండీ?"

నారింజ అన్నాను. చెప్పడానికి ఒక్క క్షణం పట్టింది.

"అయ్యో, మీరూ కొత్తేనా అండీ?"

నర్సింలు వెనక నుంచి — "అవునమ్మా, మా అక్క ముప్పై ఏండ్ల సంది కొత్త."

వరుసంతా పొట్ట పట్టుకుని నవ్వింది. ఈ ఏడు మేమందరం కలిసి నవ్వింది అప్పుడొక్కసారే. ఆట గెలిచాం. ఎట్లా గెలిచామో దారిలో ఎవరూ మాట్లాడుకోలేదు. జంతికలు బాగున్నాయని మాట్లాడుకున్నాం.

నవంబరు 12, బుధవారం

శ్రీశైలం అంగన్‌వాడీ సెంటరుకు వచ్చాడు. గడప దగ్గరే నిలబడ్డాడు, ఇంత మనిషి.

"బొల్లారం టీమోళ్ళు పిలుస్తున్నరు టీచర్. పోవాల్నా, వద్దా?"

"మీ సార్‌ను అడిగినావా?"

"యాదగిరి సార్ ఫోన్ ఎత్తుతలేడు."

ఆడే వయసు ఎన్నేళ్ళు ఉంటుంది... పో బిడ్డా అన్నాను. బొట్టు పెట్టాను. వాడు వంగి కాళ్ళకు దండం పెడితే పిల్లలంతా కేరింతలు.

పంపింది నేనేనా? వాడు పోవాలనుకునే వచ్చాడు. అయినా బొట్టు పెట్టిన చేయి నాది.

నవంబరు 16, ఆదివారం

ఆట ఉంది. నర్సింలు పొద్దున్నుంచి బండి కడుగుతున్నాడు. మూడుసార్లు కడిగాడు. నేనూ వెళ్ళలేదు. ఎందుకు రాలేదని సుజాత అడగలేదు. గెలిచారట.

సాయంత్రం గుడికి వెళ్ళివచ్చాను. ఆదివారాలు ఇంత పొడుగని తెలియదు.

నవంబరు 19, బుధవారం

సుజాత వచ్చింది. చెప్పులు విప్పుతూనే ఏడుపు.

మెట్లు ఖాళీగా కనబడుతున్నాయని ప్రెసిడెంటు యాదగిరిని అన్నాడట — "నిన్నెందుకు పెట్టుకున్న యాదగిరీ? ఆడేటోళ్ళను నేను తెచ్చుకుంట. మీ ఊరోళ్ళను నువ్వు తేవాలె. గది గూడ శాతకాకుంటే ఇంట్ల కూసో."

వచ్చే ఆదివారం బొల్లారంతో ఆట. మెట్లు నిండాలి.

"గీ పని తప్ప ఆయనకు ఏదీ రాదక్కా. యాభై దాటినంక ఎవలు తీసుకుంటరు? నర్సింలేమో ఊరంతా తిరిగి పోవద్దు పోవద్దు అంటుండు. నా మొగని మీద ఊరిని లేపుతుండు."

వాడు అట్లా అనలేదు అన్నాను.

"అనకున్నా గంతే. వాడు బండి కడుక్కుంట ఇంట్ల ఉంటే ఊరు సూస్తలేదా? నువ్వొస్తే అందరొస్తరు. నువ్వు కూసుంటే వాడు గూడ కూసుంటడు."

వస్తాను అన్నాను. ఆలోచించి చెప్పిన మాట కాదు. చెల్లె కొంగుతో ముఖం తుడుచుకుంటోంది, చెప్పేశాను.

నవంబరు 20, గురువారం

నర్సింలుకు చెప్పాను.

"నేను రాను. కాళ్ళు మొక్కినా రాను."

"ఎవరూ మొక్కట్లేదు. వస్తే రా."

గడప దాకా పోయి, తిరిగి — "క్లబ్బు కోసమా?"

"సుజాత కోసం."

"మరి గట్ల జెప్పు." చెప్పులేసుకుని డీసీఎం మాట్లాడడానికి పోయాడు.

నవంబరు 23, ఆదివారం

మెట్లు నిండాయి. మా శామీర్‌పేట నుంచే నలభై మందికి పైన. ప్రెసిడెంటు పైకి చూసి నాకు నమస్కారం పెట్టాడు. యాదగిరి కొత్త బూట్లలో అటూ ఇటూ. సుజాత నా పక్కన, నా చేయి వదలకుండా.

బొల్లారం వాళ్ళు ఆకుపచ్చ కాదు, నీలం. శ్రీశైలం వీపు మీద ఏడో నంబరు. మావాళ్ళు చప్పట్లు కొట్టారు. కొట్టాల్సినచోటే కొట్టారు, గట్టిగానే. కానీ శ్రీశైలం కూతకు వచ్చినప్పుడల్లా నలభై మందిలో ఒక్క గొంతు లేవలేదు. పట్టండ్రా, పడెయ్యండ్రా అని ఎవరూ అనలేదు. నర్సింలు చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

రెండు నిమిషాలు ఉన్నాయనగా స్కోరు సమానం. అలవాటుగా చేతులు జోడించాను. స్వామీ అన్నాను. తర్వాతి మాట రాలేదు. ఎవరి కోసం... ఆ జాగాలో ఏమీ లేదు. లేనిదాన్ని అడగడానికి కళ్ళెందుకు మూసుకోవాలి? తెరిచాను.

ఇట్లా ఉంటుందా ఆఖరు! అందరూ వేగంగా ఉరుకుతుంటారనుకున్నాను ఇన్నేళ్ళు. కాదు. నెమ్మదైపోతారు. ఏడుగురు మనుషులు చేతులు చేతులు పట్టుకుని ఒక్క మనిషి శ్వాసను వింటూ నిలబడతారు. శ్రీశైలం కూత పెట్టి వచ్చాడు. ఎడమ కాలు వేసి, వేయకుండా, మళ్ళీ వేసి... మూలనున్న నారింజ చొక్కా పిల్లవాడు ముందుకొచ్చి మడమ దొరకబుచ్చుకున్నాడు. ఇద్దరూ పడ్డారు. శ్రీశైలం కడుపు మీద పాకుతున్నాడు. కూత ఆగలేదు. సన్నబడింది, ఆగలేదు. వేళ్ళు మధ్యగీతకు జానెడు దూరం. బెత్తెడు.

గీత తాకాలని అనుకున్నానా?

అనుకున్నాను.

తాకాడు. ఆ ఒక్క పాయింటుతో వాళ్ళు గెలిచారు. మడమ పట్టిన పిల్లవాడు లేచి, ఖాళీ చేతిని చూసుకుంటున్నాడు. ఎవరి పిల్లవాడో, ఏ ఊరో. వాడి మీదా జాలేసింది.

పక్కకు తిరిగితే సుజాత ఆటను చూడట్లేదు. నన్ను చూస్తోంది. నా చేయి ఎప్పుడు వదిలిందో తెలియదు.

నవంబరు 24, సోమవారం

సుజాత ఫోను లేదు. నేను చేశాను. ఎత్తలేదు.

నర్సింలు కిరాణా దుకాణం నుంచి నవ్వుకుంటూ — "ఊర్ల నీ ముచ్చటే అక్కా. పెద్దక్క కండ్లు తెరిచి ఓడగొట్టిందట. సంఘపోళ్ళు నీకు సన్మానం జేస్తరట."

నవ్వకు అన్నాను. "మీ అక్క మొగుడు వాడు."

నవ్వు ఆపాడు. "నాకు తెల్వదా? బావ నాకు కూత నేర్పిండు." సామాను సంచితో లోపలికి పోయాడు.

నవంబరు 26, బుధవారం

సెంటరు మూశాక గౌడవెల్లి పోయాను. సుజాత డ్వాక్రా మీటింగుకు వెళ్ళిందట. యాదగిరి ఒక్కడే, పశువుల కొట్టం ఊడుస్తున్నాడు. చాయ్ తనే పెట్టాడు, చక్కెర ఎక్కువ.

తప్పు నాదే అని మొదలుపెట్టాను. చీపురు పక్కన పెట్టాడు.

"నీది తప్పయితే నాదేందో ఇను వదినా. గా ఎడమకాలు అడుగు... వేసి, వేయక, మల్ల వేసేది... నేను నేర్పింది. మూడేండ్లు పట్టింది వానికి. వాడు అది వేస్తుంటే మూలకున్న పిలగానికి నేను కేక పెట్టాలె, ఆగు, పోకు అని. నోట్లె ఈలున్నది. పెట్టలే."

చాయ్ చల్లారిపోయింది.

"మరిచిపోయినావా, కావాలనే పెట్టలేదా?" అని అడిగాను.

"తెల్వదు వదినా. దేవుని తోడు, తెల్వదు." తర్వాత — "సుజాతకు జెప్పకు. నీ మీద కోపమైతే నాలుగు దినాల్ల పోతది. నా మీదయితే పోదు."

ఆటోలో వస్తూ అనుకున్నాను, ఇది చెబితే నా మీద మాట పోతుంది. మంచిది, చెప్పను. తేలికగానే తోచింది అప్పుడు.

నవంబరు 27, గురువారం

పూజలో ధ్యాస లేదు. రెండుసార్లు మొదటి నుంచి చదివాను.

నవంబరు 29, శనివారం

సుజాత వచ్చింది. ఏడవలేదు. అదే కష్టంగా ఉంది. వంటింట్లో కూర్చుని నేను అడగకుండానే చిక్కుడుకాయలు ముందేసుకుని ఈనెలు తీసింది. అన్నీ అయ్యాక చేతులు దులుపుకుంది.

"రేపు ఓడితే ఆయన ఇంటికే. ప్రెసిడెంటు మొకం మీదనే చెప్పిండు."

ఊఁ అన్నాను.

"ఊరోళ్ళు వస్తరు. వచ్చి నీ దిక్కే సూస్తరు. పొయినసారి నీ కండ్లు సూసి మనోళ్ళంతా సల్లబడ్డరు. ఒక్కడు ఒర్రలే."

అంతకుముందు నుంచే ఎవరూ ఒర్రలేదని తనకూ తెలుసు.

"అక్కా, ఒకటి అడుగుత, నిజం జెప్పు. ఎవలు గెలవాలనుకున్నవు?"

చిక్కుడుకాయలు కడుగుతున్నాను. నీళ్ళ చప్పుడు.

"సరే, చెప్పకు. రేపు వచ్చి కూసో. కండ్లు మూసుకో. మొక్కకున్నా సరే. మూస్తే సాలు."

ముప్పై ఏళ్ళ మొక్కులో నన్ను ఇంతగా ఎవరూ అడగలేదు. అడిగింది ఇంత చిన్నదీ ఎప్పుడూ కాదు.

"అది మొక్కు కాదు సుజాతా."

"నాకు మొక్కు వద్దక్కా. నాకు ఇల్లు నడవాలె."

పోతూ వాకిట్లో నర్సింలుతో ఏదో అంది. వాడు తల దించుకుని విన్నాడు.

నవంబరు 30, ఆదివారం, పొద్దున

హారతి ఇచ్చాను. ఏమీ అడగలేదు.

నర్సింలు నారింజ రంగు కండువా ఒకటి ఎక్కడి నుంచో తెచ్చుకున్నాడు. మెడలో వేసుకుని, తీసి, మళ్ళీ వేసుకున్నాడు. "బావ కోసం. ఇంకేం లేదు. ఇయాల ఒర్రుత. ఒర్రుడు పెద్ద పనా?" నన్ను అడుగుతున్నట్టు నిలబడ్డాడు. వాడికది పెద్ద పని కాకపోవచ్చు. గొంతు వాడిది. నాకు మాత్రం, కళ్ళు మూసుకుంటే లోపల ఇంకొకరు ఉంటారు. ఆయన ముందు ఉత్తగా కూర్చోవడం నాకు రాదు. చెల్లె ఇల్లు ఆగిపోతే చూస్తూ కూర్చోవడమూ రాదు.

డీసీఎం వచ్చింది. అందరూ ఎక్కారు. నా కోసం ముందు సీటు ఆపారట.

సుజాత ఫోను. ఎత్తాను. "బయలెల్లినవా అక్కా?"

వస్తున్నా అన్నాను.

"వస్తున్నవు, సరే..." అని ఆగింది. ఇంకా లైనులోనే ఉంది.